స్థానివద్భావము: 2005వ సంవత్సరపు ‘డాక్టర్ హూ’

ఒకరు ప్రారంభించిన కృతిని కాలాంతరమున వేఱొకరు కొనసాగించినచో అది యొక్క కృతియే యగునా, రెండగునా యను ప్రశ్న యాంధ్రసాహిత్యమునకుఁ గ్రొత్తది గాదు. 11వ శతాబ్దిలో నన్నయ విడిచిన భారతమును 13వ శతాబ్దిలోఁ దిక్కన విరాటపర్వము మొదలు కైకొనెను. నడుమ మిగిలిన యరణ్యపర్వశేషమును 14వ శతాబ్దిలో నెఱ్ఱన తన పేరు వెనుకనుంచి, రాజరాజనరేంద్రునకే యంకితముగాఁ బూరించెను. నాగర్‌కర్నూలు సీమలోని వర్ధమానపురము నేలిన గోన వంశమువారి రంగనాథరామాయణమునకు బుద్ధారెడ్డి కుమారులు ఉత్తరకాండమును జేర్చిరి. చదువరులు వీనిని అతుకుల మూటలుగాఁ జూడక యేకకృతులుగానే భావించుచు వచ్చిరి. ఆ భావనకు ఆధారమేమి?

ఈ ప్రశ్నను బరీక్షించుటకు మిక్కిలి విపులమైన యుదాహరణము మన కాలమున దూరదర్శనమునందు దొరకుచున్నది. ఆంగ్లదేశమున బి.బి.సి. సంస్థ 1963 నవంబరు 23వ తేదీని ప్రారంభించిన ‘డాక్టర్ హూ’ యను విజ్ఞానకల్పిత ధారావాహికయే యది. లక్నోలో జన్మించిన వారిస్ హుస్సేన్ దాని మొదటి కథకు దర్శకుఁడు. నాయకుఁ డన్యగ్రహవాసి; ‘డాక్టరు’ అని మాత్రమే పిలువఁబడును. వెలుపల నీలిరంగు పోలీసు పెట్టెవలెఁ జిన్నదిగాఁ గనఁబడుచు లోపల విశాలమైన ‘టార్డిస్’ అను యంత్రమున భూతభవిష్యత్తులఁ దిరుగును. ‘ఆదిత్య 369’ (1991) చలనచిత్రమునఁ గాలయంత్రమును జూచిన తెలుఁగువారి కీ కల్పన దుర్గ్రాహ్యము గాదు.

1966లో మొదటి నటుఁడు విలియం హార్ట్‌నెల్ ఆరోగ్యము క్షీణించెను. నిర్మాతలు కథ నాపలేదు; నటుని మార్పును దాఁచనులేదు. నాయకుఁడు మరణాసన్నుఁడైనపుడు వాని శరీర మంతయు మాఱి నూతనరూపము దాల్చునని కల్పించిరి. ఆ యేఁడు అక్టోబరు 29వ తేదీని హార్ట్‌నెల్ పడిపోయిన చోటనే పాట్రిక్ ట్రౌటన్ లేచెను. వైయాకరణుల కిది పరిచితమైన విషయము. ఎవని స్థానమున మఱియొకటి వచ్చునో అది స్థాని, వచ్చినది ఆదేశము. ఆదేశము స్థానివలెనే ప్రవర్తించును, కాని వర్ణము నాశ్రయించిన కార్యములందు మాత్రము ప్రవర్తింపదని పాణినీయము శాసించుచున్నది. ‘ఎవరు’ అను నర్థము గల ‘కిమ్’ శబ్దమునకు విభక్తి పరమగునపుడు ‘క’ ఆదేశమగును; ‘కేన’ అను రూపమున ‘క’ కారము స్థానియొక్క యంగసంజ్ఞనే వహించును. ‘హూ’ అనఁగా ‘ఎవరు’ అనియే కదా. ప్రశ్నార్థక సర్వనామమే పేరుగాఁ గల యీ నాయకుఁ డాదేశపరంపరచేతనే నిలిచియుండుట యాదృచ్ఛికమైనను ముచ్చటైన విషయము.

1989 డిసెంబరు 6వ తేదీతో ఇరువదియాఱు వరుసలు నడచిన ధారావాహిక నిలిచిపోయెను. 1996లో నొక చలనచిత్రము వచ్చినను అది కొనసాగలేదు. ఈ విరామమును నాశ మనవలెనా, లోప మనవలెనా? కనఁబడకపోవుటయే లోపమని శాస్త్రము. ఎన్నఁడును లేనిదానికి లోపము లేదు. ఉండవలసినదని యెఱిఁగినవారున్నపుడే లోప మనఁబడును. ప్రత్యయము లోపించినను దానిచేఁ గలుగవలసిన కార్యము కలుగును. ‘అగ్నిచిత్’ అనుచోట విభక్తి కనఁబడకున్నను పదసంజ్ఞ నిలిచియే యున్నది. ఈ ధారావాహికయందును అట్లే జరిగెను. 1960ల నాఁటి భాగములు పెక్కు సంస్థచేతనే చెఱిపివేయఁబడఁగా, ప్రేక్షకులు తమ యిండ్లలోఁ బట్టుకొన్న ధ్వని మాత్రము మిగిలెను. ప్రసారము నిలిచిన పిమ్మట నవలలును, 1999 మొదలు శ్రవ్యనాటకములును వెలువడెను. 2005లోఁ బునరుద్ధరణభారము వహించిన రస్సెల్ టి. డేవిస్ 1996లో నట్టి నవల నొకదానిని వ్రాసినవాఁడు. ఆ వరుసలో నెన్నఁదగిన ‘డాలెక్’ అను భాగమునకు మూలము రాబర్ట్ షియర్మన్ 2003లో రచించిన శ్రవ్యనాటకము. కనఁబడని కాలమే కనఁబడిన కాలమును సిద్ధపఱచెను.

2005 మార్చి 26వ తేదీని ‘రోజ్’ అను మొదటి భాగము ప్రసారమయ్యెను. కోటికిఁ బైఁబడిన ప్రేక్షకులు దానిని జూచిరి. వేల్సు దేశపుఁ గార్డిఫ్ నగరమున నిర్మాణము, పదుమూఁడు భాగములు, ఒక్కొక్కటి ముప్పాతిక గంట. డేవిస్ చేసిన మొదటి వివేకము కథాముఖమునం దున్నది. పూర్వకథను వివరింపక, వస్త్రపుటంగడిలోఁ బనిచేయు రోజ్ టైలర్ అను యువతి కన్నులతోఁ గథ నారంభించెను. ఆమె యెఱుఁగనిది ప్రేక్షకుఁడును ఎఱుఁగఁ బనిలేదు. ఎఱిఁగినవాఁడు నీలిపెట్టెను జూచినంతనే పులకించును. ఇట్లొక్క వాక్యమే బాలునకును వృద్ధునకును వేఱ్వేఱు నర్థముల నిచ్చుచు నిర్దోషముగా నడచెను.

రెండవ వివేక మింతకంటె గంభీరము. పదునాఱేండ్ల ప్రసారలోపమును డేవిస్ కథలోని లోపముగా మార్చెను. ఆ నడుమఁ గాలయుద్ధ మొకటి జరిగి నాయకుని జాతి యంతయు నశించెననియు, అతఁ డొక్కఁడే మిగిలెననియుఁ గల్పించెను. వెలుపలి విరామము లోపల శోకమయ్యెను. క్రిస్టఫర్ ఎక్లెస్టన్ ధరించిన నల్లని తోలుకోటు, పొట్టిజుట్టు, ఉత్తరాంగ్లదేశపుఁ బలుకుబడి మున్నుటి నాయకులయందు లేనివి. ఇవి వర్ణాశ్రయములు, వీనియందు సామ్యమును గోరువారు శాస్త్రమునే మఱచుచున్నారు. విమర్శకుఁ డడుగవలసిన ప్రశ్న వేఱు: ఈ యాదేశమున స్థానిధర్మ మున్నదా? హింసకు వెనుదీయుట, బలహీనుని పక్షము వహించుట యీ నాయకుని ధర్మము. నీలిపెట్టెయున్నంత మాత్రమున నది యున్నట్లు గాదు.

ఏప్రిల్ 30వ తేదీ నాఁటి ‘డాలెక్’ ఈ ప్రశ్ననే ముందునకుఁ దెచ్చినది. ఒక ధనికుని భూగర్భ వస్తుశాలలో శత్రుజాతికిఁ జెందిన డాలెక్ ఒక్కటి సంకెలలతో నున్నది. దానిని జూచి నాయకుఁడు జాలిపడఁడు. హేళనచేయును, చంపఁజూచును, తుదకుఁ దుపాకి ధరించి వచ్చును. రోజ్ స్పర్శచే మార్పునొందిన యా ప్రాణియో సూర్యకాంతిని గోరుచుండును. రెంటికి నడుమ నామె నిలిచినపుడు క్రూరు లెవ్వరో ప్రేక్షకునకుఁ దెలియకపోవును. రౌద్రము కరుణముగా మాఱు నీ సంధి యావరుసకెల్లఁ బ్రాణము. ఆదేశము స్థానిధర్మమును గోల్పోయినదేమో యను శంకను రచయితయే యిచ్చటఁ గలిగించెను.

సమాధానము జూన్ 18వ తేదీ నాఁటి తుదిభాగమునఁ గలదు. డాలెక్కుల సేనను రూపుమాపఁ గల సాధనము నాయకుని చేత నున్నది. కాని ప్రయోగించినచో భూలోకవాసులును నశింతురు. అతఁడు ప్రయోగింపక పిఱికివాఁ డనిపించుకొనుటకే యంగీకరించెను. ఆ క్షణముననే యెక్లెస్టన్ పాత్ర హార్ట్‌నెల్ పాత్రతో నేకమయ్యెను. పిమ్మట రోజ్‌ను గాపాడుటకై మరణము వరించి డేవిడ్ టెనెంట్ రూపమును దాల్చెను. ఎక్లెస్టన్ విరమించునని మొదటి ప్రసారము జరిగిన వారములోపలనే లోకమునకుఁ దెలిసిపోయినను రసభంగము గాకుండుట గమనింపఁదగినది.

దోషములు లేవనుట విమర్శ గాదు. నాలుగైదు భాగములందలి స్లిథీనుల హాస్యము అపానవాయువుపై నాధారపడి బీభత్సమునకు దిగినది. తుదిభాగమున రోజ్ యంత్రహృదయమును దర్శించి దివ్యశక్తితో సేననెల్ల ధూళిగావించుట నిర్వహణసంధికిఁ దగిన హేతువును జూపదు. వరుసయందంతటఁ జల్లఁబడిన ‘బ్యాడ్ వుల్ఫ్’ అను పదములు ఆమెను దుదిస్థలమునకు రప్పించును. అచ్చటఁ జేరిన యామెయే వానిని గాలమునఁ జల్లును. ఇది యితరేతరాశ్రయ మని తార్కికుఁ డనవచ్చును. కాని ‘కళాపూర్ణోదయము’న భావికథ ముందు చెప్పఁబడి, చెప్పుటయే దాని సంభవమునకు మార్గమగుటను మెచ్చినవారు దీనిని సర్వథా నిరసింపఁజాలరు. పింగళి సూరన యల్లిక బిగువు దీనికి లేదనుట మాత్రము న్యాయము.

ఈ దోషములను మించిన గుణములును గలవు. మే 14వ తేదీ నాఁటి ‘ఫాదర్స్ డే’లో రోజ్ తన చిన్ననాఁటనే మరణించిన తండ్రిని గాపాడఁగాఁ గాలమే గాయపడును, సంగతి గ్రహించిన తండ్రి తానై మృత్యువున కెదురేగును. స్టీవెన్ మాఫట్ రచించిన జంటభాగములందు 1941 నాఁటి యుద్ధకాలపు లండను వీథులలో వాయుకవచము ధరించిన బాలుఁడు తల్లికై వెదకుచుండును. తాను తల్లినని యామె యొప్పుకొన్నంతనే భయానకము శమించును. ఆ రచనకు 2006లో హ్యూగో బహుమాన మొసఁగుట సముచితము.

అదే 2005లోఁ గృష్ణాతుంగభద్రల నడుమఁ గల గద్వాల సీమలోని అలంపురమున జోగులాంబకుఁ గ్రొత్త యాలయ మెత్తఁబడెను. 14వ శతాబ్దిలోఁ బూర్వాలయము ధ్వంసము గాఁగా, దేవి యిన్నాళ్లును బాలబ్రహ్మేశ్వరాలయమునఁ బూజ లందుచుండెను. రాళ్లు క్రొత్తవి, దేవి క్రొత్తది యని యెవ్వరు నననేరరు. పూజ యెడతెగకుండుటయే దానికిఁ గారణము. శ్రీశైల జలాశయమున మునుఁగనున్న కూడవెల్లి సంగమేశ్వరాలయమును విప్పి యలంపురమునకుఁ దరలించినపుడో, రాళ్లు పాతవే, చోటు మాఱెను. రెండుచోట్లను నిలిచినది యొక్కటే.

విద్వద్గద్వాల యని పేరొందిన సంస్థానము నేఁడు లేదు. వనపర్తి రాజభవనము పాలిటెక్నిక్ కళాశాలయైనది. సంస్థానములతోఁ బాండిత్యమును నశించెనని విలపించువారును, ప్రాఁతరూపమునే మఱల నిలుపవలె ననువారును గలరు. ఇరువురును వర్ణమునే చూచుచున్నారు. కోటు మాఱినను గంఠము మాఱినను ధర్మము వచ్చినదా యని యడుగుటయే సరియైన పరీక్ష. ఆ పరీక్షకు ముందు మఱియొకటి కావలెను: కనఁబడని కాలమున దానిని మఱవక పాఠము చెప్పువారు, వినువారు. ఆంగ్లదేశమున నట్టివారు పదునాఱేండ్లు నిలిచిరి. కనుకనే 2005లో వచ్చినది యాదేశ మయ్యెను గాని పరాయిది కాలేదు.