సెల్‌ఫోను గీచిన పటము – నగరముల తారతమ్యము

నగరములన్నియు సమానముగ వృద్ధి చెందవు. ఒకచోట కర్మాగారములు, కళాశాలలు, ఆసుపత్రులు పెరుగును. మరియొకచోట పనిచేయు వయసువారు ఊరు విడిచిపోవుదురు. ఈ తారతమ్యమును కొలుచుటకు జనాభా లెక్కలు ముఖ్యాధారము. కాని అవి పదేండ్లకొకసారి వచ్చునవి. నడుమ జరుగు మార్పులను సెల్‌ఫోనుల స్థాన సమాచారము తెలుపగలదా? చైనాలో జరిగిన ప్రయత్నము ఈ ప్రశ్నకు చక్కని పరీక్ష.

2014లో చైనీయుల నూతన సంవత్సర పండుగ ప్రయాణముల వేళ బైదు సంస్థ ఒక వలస పటమును ప్రకటించినది. తన సేవలను వాడు ఫోనులు ఏ నగరము నుండి ఏ నగరమునకు కదలుచున్నవో గీతలతో చూపినది. దీని గుణము కాదనరానిది. షెన్‌జెన్, డాంగ్వాన్ వంటి పారిశ్రామిక నగరములు బయటి కార్మికులపై ఎంతగా ఆధారపడియున్నవో ఇట్టి పటమున కంటికి కట్టినట్లు కనబడును.

అయినను లోపములు గలవు. మొదటిది, ఫోను మనిషి గాదు. 2020 జనాభా లెక్కల ప్రకారము చైనాలో 60 ఏండ్లు, అంతకు పైబడినవారు సుమారు 26 కోట్ల 40 లక్షలు. వృద్ధులలోను, పసిపిల్లలలోను ఇట్టి ఫోను లేనివారనేకులు. తలిదండ్రులు పనికై పెద్ద నగరమునకు పోగా, చిన్న పట్టణమున అవ్వతాతల యొద్ద నిలిచిన బిడ్డ ఏ గీతలోను చేరదు. పాఠశాల కావలసినది ఆ బిడ్డకే.

రెండవది, కాలము. పండుగకు పారిశ్రామిక నగరములు వెలవెలబోవును. కార్మికుల స్వస్థలములు కళకళలాడును. ఆ వారపు పటమునే నమ్మినచో సంపన్న నగరము క్షీణించినదనియు, పేద పట్టణము వృద్ధి చెందినదనియు పొరబడుదుము.

మూడవది అన్నిటికంటె ముఖ్యము. ఫోను మనిషి చోటును చెప్పును గాని అతని స్థితిని చెప్పదు. చైనాలో 1958 నాటి శాసనము ననుసరించి ప్రతి కుటుంబమును ఒక స్థలమున నమోదగును. ఆ స్థలమును విడిచి అన్యప్రాంతములలో నివసించువారు 2020లో సుమారు 37 కోట్ల 60 లక్షలు. ఒకే వీధిలోని ఇద్దరు కార్మికులలో నగరమున నమోదైనవాని బిడ్డకు అచ్చటి ప్రభుత్వ పాఠశాల సులభము. బయటివాని బిడ్డకు దుర్లభము కావచ్చును. పటమునకు మాత్రము ఇరువురును ఒకటే.

కావున స్థాన సమాచారము జ్వరమాని వంటిది. వేడిని చూపును, రోగమును చెప్పదు. దానిప్రక్కన జనాభా లెక్కలు, వేతనములు, పాఠశాలల హాజరు ఉంచి చూచినపుడే అభివృద్ధి అంచనా పొసగును. ఉపాధ్యాయులు ఇట్టి పటమును తరగతిలో చూపునపుడు విద్యార్థులచే మూడు ప్రశ్నలు వేయించుట మేలు: లెక్కించినది దేనిని? ఎప్పుడు? లెక్కకు రానివారెవరు?