చెవితో పెట్టే లెక్క

పిట్టల్ని చూడటమంటే మెడలో బైనాక్యులర్లు వేసుకుని తిరగడమే అనుకుంటారు. మిషిగన్‌లో ఉండటం మొదలయ్యాక తెలిసింది, ఈ విద్యలో కంటికన్నా చెవికే పని ఎక్కువని.

మే నెలలో మా వీధి చెట్ల మీదికి అమెరికన్ రెడ్‌స్టార్ట్ వస్తుంది. మగది నల్లగా, నారింజ మచ్చలతో ఉంటుంది. తోక విప్పి పురుగుల్ని బెదరగొట్టి, లేచినవాటిని గాల్లోనే పట్టేస్తుంది. దీనికి ఇప్పట్లో ఢోకా లేదు. దీని కుటుంబంలోదే అయిన కిర్ట్‌లాండ్స్ వార్బ్లర్‌ని మాత్రం అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ ‘ముప్పుకు చేరువ’ వర్గంలో పెట్టింది.

ఆ పిట్టకు జాక్ పైన్ అడవే కావాలి. అదీ 5 నుంచి 20 ఏళ్ల లేత అడవి. నేలను తాకే కొమ్మల మాటున గూడు కడుతుంది. చెట్లు ముదిరి కింది కొమ్మలు ఎండితే ఆ చోటు వదిలేస్తుంది. జాక్ పైన్ కాయలు మంట వేడికి విచ్చుకుని గింజలు రాలుస్తాయి. మనుషులు కార్చిచ్చుల్ని ఆర్పేస్తూ వచ్చేసరికి లేత అడవి తరిగిపోయింది. పైగా, కాకి గూట్లో కోకిలలా, కౌబర్డ్ అనే పిట్ట దీని గూట్లో గుడ్లు పెట్టిపోయేది.

1951లో పాడే మగపిట్టలు 432. 1971లో 201. 1974లో 167. జూన్ ఉదయాల్లో అడవిలో వరుసగా నడుస్తూ, పాట వినిపించిన చోటల్లా మ్యాపులో గుర్తు పెట్టుకుంటూ తేల్చిన లెక్క ఇది. పాడే మగదానికి ఒక జంట చొప్పున అంచనా కడతారు.

1972లో కౌబర్డ్‌లకు బోనులు పెట్టడం మొదలైంది. ముదురు పైన్లు కొట్టి మొక్కలు నాటారు. 1980లో ఈ పిట్ట కోసమే మిషిగన్‌లోని మ్యాక్ లేక్ దగ్గర పెట్టిన మంట అదుపు తప్పింది. దాదాపు 24 వేల ఎకరాలు కాలాయి, అటవీ ఉద్యోగి ఒకరు ప్రాణం కోల్పోయారు. ఆ నేలలో మొలిచిన లేత అడవిలోనే తర్వాత పిట్టలు పెరిగాయి. 2019లో అమెరికా ప్రభుత్వం దీన్ని ప్రమాద జాబితా నుంచి తీసేసింది. 2021 లెక్కలో 2,200 పైచిలుకు జంటలు తేలాయి.

జాబితాలోంచి పేరు పోయినా పని పోలేదు. నాటిన చెట్టు ఇరవయ్యేళ్లకే ఈ పిట్టకు పనికిరాకుండా పోతుంది కాబట్టి, నాటుతూనే ఉండాలి, లెక్క పెడుతూనే ఉండాలి.

జూన్‌లో ఈ పిట్టను చూడటానికి మిషిగన్‌లోని గ్రేలింగ్ వైపు వెళ్తే దారి తెలిసినవాళ్లతో కలిసి వెళ్లండి. ఫోన్లో దాని పాట పెట్టి మాత్రం రప్పించకండి. పోటీకి ఇంకోటి వచ్చిందనుకుని గూడు పని మానేసి మీ చుట్టూ తిరుగుతుంది.