అర్హతల కాగితం: దేవనకొండ నుంచి చూస్తే

గ్రాంటు ఎవరికివ్వాలో ఎట్లా తేలుస్తారని దాతృత్వ సంస్థలను అడిగితే జవాబు సిద్ధంగా ఉంటుంది: దరఖాస్తు, పరిశీలన, క్షేత్ర సందర్శన, కమిటీ. ఈ జవాబు మాకు చాలదు. కమిటీ కూర్చోకముందే సగం తీర్పు అయిపోయి ఉంటుంది. అది అర్హతల కాగితంలో ఉంది. కవితనో కథనో విమర్శకు పెట్టినట్టే ఆ కాగితాన్నీ పెట్టాలి.

కర్నూలు జిల్లా దేవనకొండలో ఒక మాదిగ ఆడోళ్ల సంఘం ఉందనుకుందాం. కూలిరేటు కోసం కొట్లాడుతుంది, శ్మశానానికి జాగా అడుగుతుంది. విదేశీ నిధి రావాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉండాలి. దానికి సంఘం పెట్టి మూడేళ్లు కావాలి, ఆ మూడేళ్లలో 15 లక్షలు ఖర్చుపెట్టినట్టు చూపాలి. ఇది 2020 నాటి నిబంధన. అంటే డబ్బున్నోళ్లకే డబ్బు! ముందస్తు అనుమతి అనే ఇంకో దారి ఉంది గానీ, దానికి దాత ముందే దొరికి ఉండాలి.

ఇంతకుముందు పట్నంలోని పెద్ద సంస్థ నిధి తెచ్చి కింది సంఘాలకు కొంత పంచేది. అందులో పెత్తనం ఉంది, చేయి చాపే అవమానమూ ఉంది. అయినా పైకం పల్లె దాకా వచ్చేది. 2020 సవరణ ఆ పంపకాన్నే నిషేధించింది. పాలనా ఖర్చుల పరిమితిని 50 నుంచి 20 శాతానికి దించింది. లెక్కలు రాయించే ఖర్చు, ఆఫీసు అద్దె అందులోకే వస్తాయి. రాతకోతలు తరతరాలుగా ఎవరి చేతిలో ఉన్నాయో తెలిసినవాళ్లకు ఈ మాట విడమర్చి చెప్పనక్కర్లేదు.

పోనీ, స్వదేశీ కంపెనీల సొమ్ము? 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు పెట్టాలి. తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యమివ్వాలనీ అదే సెక్షన్ అంటుంది. ఈ మెట్టనేలలో అట్లాంటి కంపెనీలెన్ని? ఫ్యాక్టరీ లేని ఊరికి దానమూ లేదన్నమాట.

మరి ఇక్కడ ఏ ఊరు దాతల కంట పడుతుంది? ఇదే మండలంలోని కప్పట్రాళ్ల ఫ్యాక్షన్ హత్యలతో, ముఖ్యంగా 2008లో, పేరుకెక్కింది. తర్వాత జిల్లా ఎస్పీగా ఉన్న ఆకే రవికృష్ణ ఆ ఊరిని దత్తత తీసుకున్నారు. మంచి పనే, కాదనం. కానీ నెత్తురు పారితే ఊరికి కథ దొరుకుతుంది. ఏటా నిశ్శబ్దంగా వలసపోయే మాదిగగేరికి దొరకదు.

అంబేడ్కర్‌నూ గుర్తుచేసుకోవాలి. 1913లో బరోడా మహారాజు నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్లకు విద్యార్థివేతనమిచ్చాడు, పదేళ్లు కొలువు చేయాలన్న షరతుతో. 1917లో ఆయన ఆ కొలువుకు పోతే బరోడాలో ఉండడానికి ఇల్లు దొరకలేదు. గ్రాంటు మనిషిని చదివించింది, ఊరిని ముట్టలేదు. ఈనాటి గ్రాంట్లకూ కుట్టుమిషన్లంటేనే ఇష్టం, లెక్క పెట్టొచ్చు కాబట్టి. శ్మశానం జాగా కొట్లాట ఏడాదిలో తేలదు, ‘ఫలితాల’ గడిలో పట్టదు.

మేము అడిగేవి చిన్నవే. తిరస్కరించిన దరఖాస్తులెన్నో, ఎందుకో బయటపెట్టండి. కమిటీలో దళితులెంతమందో చెప్పండి. క్షేత్ర సందర్శనకు సుగ్గి కాలంలో రావొద్దు. అప్పుడు మా జనం మిరపకోతలకు గుంటూరు వైపు పోయి ఉంటారు. తాళాలు చూసి ‘సంఘం చురుగ్గా లేదు’ అని రాసుకుని పోతే ఎట్లా? జనం తిరిగొచ్చినాక రండి, సాయంత్రం పూట, కూలి నుంచి ఇంటికి చేరే యాళకు.