పోగొట్టుకున్నవాడు, పోగొట్టినవాడు

0.19. పదేళ్ల ఎడంతో జరిగిన రెండు అమెరికా కేసుల్లో, తాగి బండి నడిపిన ఇద్దరు మనుషుల రక్తంలో తేలిన ఆల్కహాల్ శాతం ఇది. మన దేశంలో చట్టం ఒప్పుకునే హద్దు వంద మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు, అంటే 0.03. ఆ లెక్కన ఇద్దరూ ఆరు రెట్లు దాటి తాగినట్టే. మొదటి మనిషికి పడింది 90 రోజుల జైలు. రెండో మనిషికి పడింది కనీసం 51 ఏళ్లు లోపల ఉండాల్సిన యావజ్జీవం. మొదటి కేసులో తాగి నడిపినవాడు పేరున్న ఆటగాడు, చనిపోయింది ఆటతో సంబంధం లేని ఒక మహిళ. రెండో కేసులో నడిపినవాడు ఊరూ పేరూ ఎవరికీ తెలియని కుర్రాడు, చనిపోయినవాళ్లలో ఒకడు ఆటగాడు.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టగానే ‘డబ్బున్నవాడికో న్యాయం, లేనివాడికో న్యాయం’ అనేయాలనిపిస్తుంది. తొందరపడకూడదు. కోర్టుల మధ్య తేడాకు కొన్ని కారణాలు చట్టంలోనే ఉన్నాయి. అభిమానుల మధ్య తేడాకు మాత్రం చట్టంలో కారణం దొరకదు. ఈ వ్యాసం ఆ రెండో తేడా గురించి.

మొదటి కేసు సెయింట్ లూయిస్‌ది. లెనార్డ్ లిటిల్ అప్పట్లో అక్కడి రామ్స్ ఫుట్‌బాల్ జట్టులో కొత్తగా చేరిన డిఫెన్స్ ఆటగాడు. 1998 అక్టోబర్ 19 రాత్రి పుట్టినరోజు విందులో తాగి, ఎర్ర సిగ్నల్ దాటి వెళ్లి ఒక కారును గుద్దాడు. అందులో ఉన్న మహిళ మర్నాడు చనిపోయింది. లిటిల్ నేరం ఒప్పుకున్నాడు. 90 రోజుల జైలు, నాలుగేళ్ల ప్రొబేషన్, వెయ్యి గంటల సమాజ సేవ. జాతీయ ఫుట్‌బాల్ లీగ్, అంటే ఎన్‌ఎఫ్‌ఎల్, ఎనిమిది మ్యాచ్‌లు ఆడకుండా ఆపింది. నిషేధం ముగిశాక మళ్లీ మైదానంలోకి దిగాడు. అదే సీజన్ చివర, 2000 జనవరిలో రామ్స్ సూపర్ బౌల్ గెలిచింది.

రెండో కేసు అనహైమ్‌ది. 2009 ఏప్రిల్ 8 రాత్రి ఏంజెల్స్ బేస్‌బాల్ జట్టు పిచర్ నిక్ ఏడెన్‌హార్ట్ ఓక్లండ్ జట్టు మీద ఆరు ఇన్నింగ్స్ విసిరి ఒక్క పరుగూ ఇవ్వలేదు. వయసు 22. ఆట ముగిసిన కొన్ని గంటలకే, అర్ధరాత్రి దాటాక పక్కనున్న ఫుల్లర్టన్‌లో ఎర్ర సిగ్నల్ దాటొచ్చిన మినీవ్యాన్ ఒకటి అతనూ మిత్రులూ వెళ్తున్న కారును గుద్దింది. నలుగురిలో ముగ్గురు పోయారు. మినీవ్యాన్ నడిపినవాడి వయసూ 22 ఏళ్లే. 2010 డిసెంబర్‌లో అతనికి శిక్ష పడింది.

చట్టం సంగతి ముందు తేల్చుకుందాం. కాలిఫోర్నియాలో 1981 నుంచి ఒక తీర్పు అమల్లో ఉంది. తాగి నడిపితే ప్రాణాలు పోతాయని తెలిసి కూడా నడిపి చంపినవాడి మీద హత్యానేరం మోపవచ్చని దాని సారం. ఫుల్లర్టన్ కుర్రాడు అంతకుముందే తాగి నడిపిన కేసులో శిక్ష పడి, ప్రొబేషన్‌లో ఉన్నాడు. లైసెన్సు సస్పెండై ఉంది. గుద్దాక అక్కడ ఆగకుండా పారిపోయాడు. చనిపోయింది ముగ్గురు. లిటిల్‌కు అది మొదటి నేరం, పోయింది ఒక ప్రాణం, నేరం తానే ఒప్పుకున్నాడు. కాబట్టి శిక్షలు సమానంగా ఉండాలని ఎవరూ అనలేరు. అయితే 90 రోజులకూ 51 ఏళ్లకూ మధ్య ఉన్న దూరమంతా ఈ కారణాలతోనే నిండుతుందా అన్నది వేరే ప్రశ్న.

ఇక అభిమానుల మాట. తమ జట్టు ఆటగాడు ఇలాంటి కేసులో ఇరుక్కున్నప్పుడు అభిమానుల నోట వచ్చే వాక్యాలు ఏ ఊళ్లోనైనా ఒక్కలాగే ఉంటాయి. కుర్రాడు, ఒక్క పొరపాటు. ఎంత ప్రతిభ, మంటగలిసిపోతోంది. శిక్ష అనుభవించాడు కదా, ఇంకా ఎన్నాళ్లు వెంటాడతారు. తాగి నడిపినవాడు పరాయివాడైతే ఈ వాక్యాల్లో ఒక్కటీ వినపడదు. ఫుల్లర్టన్ కుర్రాడు కూడా కుర్రాడే, అతనికీ ముందు జీవితం ఉంది. ఆ మాట అభిమానుల్లో ఎవరికీ తోచదు, తోచనక్కర్లేదు కూడా. తేడా ఎక్కడుందంటే, మనవాడైతే అతను ఏం పోగొట్టుకున్నాడో లెక్కవేస్తాం. పరాయివాడైతే అతను ఏం పోగొట్టాడో లెక్కవేస్తాం. నేరం ఒకటే అయినా లెక్క రాసే పద్దు వేరు. మొదటి పద్దులో మ్యాచ్‌లు, కాంట్రాక్టులు, పరువు ఉంటాయి. రెండో పద్దులో ప్రాణాలు ఉంటాయి.

సెయింట్ లూయిస్‌లో లిటిల్ 2009 దాకా అదే జట్టుకు ఆడాడు. 2004లో మళ్లీ తాగి నడిపాడన్న ఆరోపణపై అరెస్టయ్యాడు. జ్యూరీ ఆ ఆరోపణ కొట్టేసి అతివేగం ఒక్కదానికే దోషిగా తేల్చింది. అది కోర్టు నిర్ణయం, దాన్ని తిరగదోడే హక్కు మనకు లేదు. కానీ తాగి నడిపి ఒకరి ప్రాణం తీసినవాడు మళ్లీ అతివేగంతో దొరకడం సామాన్యుడి విషయంలోనైతే చిన్న సంగతిగా మిగిలేది కాదు. అభిమానుల పద్దులో 1998 అప్పు అప్పటికే తీరిపోయింది. ఎనిమిది మ్యాచ్‌ల నిషేధంతో తీరింది, సూపర్ బౌల్‌తో వడ్డీ కూడా ముట్టింది.

రామ్స్ 1995లో సెయింట్ లూయిస్‌కు తరలిపోయే ముందు ఆడింది అనహైమ్‌లోనే, ఏంజెల్స్ ఆడే అదే స్టేడియంలో. పాత్రలు అటూఇటూ అయి ఉంటే ఆ రెండు ఊళ్ల అభిమానులూ తమ వాక్యాలు మార్చుకునేవారే తప్ప పద్ధతి మార్చుకునేవారు కాదు.

ఈ మాటకు ఆధారం సెయింట్ లూయిస్‌లోనే ఉంది. 2007 ఏప్రిల్ 29 తెల్లవారుజామున అక్కడి కార్డినల్స్ బేస్‌బాల్ జట్టు పిచర్ జోష్ హాంకాక్ హైవే మీద ఆగి ఉన్న టోయింగ్ ట్రక్కు వెనక భాగాన్ని గుద్ది చనిపోయాడు. రక్తంలో ఆల్కహాల్ 0.157. చేతిలో ఫోన్, సీటు బెల్టు లేదు. ఆ ట్రక్కు దారిలో చెడిపోయిన ఒక కారుకు సాయం చేయడానికి ఆగింది. దాని డ్రైవర్ బతికి బయటపడ్డాడు.

హాంకాక్, ఏడెన్‌హార్ట్. ఇద్దరూ పిచర్లే. రెండేళ్ల తేడాతో, ఒకే నెలలో పోయారు. ఒకరు తాగి నడిపి పోయారు, ఇంకొకరు తాగి నడిపినవాడి చేతిలో పోయారు. రెండు జట్లూ వాళ్లను గుర్తుంచుకున్న తీరు మాత్రం ఒకటే. మ్యాచ్ వాయిదా, చొక్కా మీద ఆటగాడి నంబరు, అభిమానుల పూలు. హాంకాక్‌కు 32, ఏడెన్‌హార్ట్‌కు 34. అనహైమ్ స్టేడియం ముందు టోపీలు, బంతులు, ఉత్తరాలు పేరుకుని ఆ సీజన్ పొడవునా అలాగే ఉన్నాయి. చనిపోయినవాడికి దుఃఖపడటం తప్పు కాదు. హాంకాక్ కోసం ఏడ్చినవాళ్లను తప్పుపట్టను. తప్పుపట్టేది ఆ దుఃఖం చుట్టూ అల్లిన మౌనాన్ని. ఆ ట్రక్కు డ్రైవర్ బతకడం అదృష్టం. అతను ట్రక్కు దిగి రోడ్డు మీద నిలబడి ఉంటే ఆ 32 నంబరు అర్థమేమిటి? అభిమాని ఆ ప్రశ్న దాకా పోడు, పోతే నంబరు కుట్టుకోవడం కష్టమవుతుంది.

హాంకాక్ కుటుంబం ఆ మే నెలలో ఆయన తాగిన రెస్టారెంట్ మీద, టోయింగ్ కంపెనీ మీద, దాని డ్రైవర్ మీద, చివరికి చెడిపోయిన కారు నడిపిన మనిషి మీద కూడా దావా వేసింది. ఆ తర్వాత వెనక్కి తీసుకుంది. బిడ్డను పోగొట్టుకున్నవాళ్ల బాధను విమర్శించను. కానీ ఆ దావా కాగితం అభిమాన మనస్తత్వానికి అచ్చమైన నమూనా. బాధ్యత అందరికీ పంచిపెట్టగా స్టీరింగ్ పట్టుకున్నవాడికి ఏమీ మిగల్లేదు.

జట్టు చేసిన పని ఒకటి మెచ్చుకోవాలి. హాంకాక్ పోయాక కార్డినల్స్ తమ స్టేడియం క్లబ్‌హౌస్‌లో మద్యం నిషేధించింది. అయితే ఆ స్టేడియం పేరే బుష్. 1996 దాకా జట్టు సొంతదారు ఆ పేరున్న బీరు కంపెనీయే. జట్టు మేనేజర్ టోనీ లా రుస్సా ఆ మార్చిలోనే ఫ్లోరిడాలో స్టీరింగ్ ముందు నిద్రపోతూ దొరికి తాగి నడిపిన కేసులో అరెస్టయ్యాడు, నవంబర్‌లో నేరం ఒప్పుకున్నాడు. ఉద్యోగం పోలేదు. 2011లో జట్టుకు వరల్డ్ సిరీస్ టైటిల్ తెచ్చాడు, 2014లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. అనహైమ్ కూడా తక్కువ తినలేదు. 2009 సెప్టెంబర్‌లో డివిజన్ గెలిచిన రాత్రి ఏంజెల్స్ ఆటగాళ్లు లాకర్ రూమ్‌లో ఏడెన్‌హార్ట్ జెర్సీని షాంపేన్‌తో, బీరుతో తడిపారు. అతన్ని కూడా సంబరంలో కలుపుకోవాలన్న ప్రేమే అది. తాగినవాడి చేతిలో పోయిన మిత్రుడి చొక్కా మీద బీరు పోయడంలో ఉన్న వికారం ఆ ప్రేమకు కనపడలేదు.

ఇంతవరకూ చూసినవాటిలో చొక్కా ఒక పక్కనే ఉంది. రెండు పక్కలా ఒకే చొక్కా ఉంటే? 2012 డిసెంబర్ 8 తెల్లవారుజామున డల్లాస్ కౌబాయ్స్ ఫుట్‌బాల్ ఆటగాడు జోష్ బ్రెంట్ తాగి నడిపిన కారు పల్టీకొట్టి, పక్క సీట్లోని జెర్రీ బ్రౌన్ చనిపోయాడు. ఇద్దరూ ఒకే జట్టు, కాలేజీలోనూ ఒకే జట్టు. బ్రెంట్ 2009లోనే తాగి నడిపిన కేసులో నేరం ఒప్పుకున్నవాడు. ఫుల్లర్టన్ కుర్రాడిలాగే ఇతనికీ ముందు హెచ్చరిక అందింది. అతనికి పడింది కనీసం 51 ఏళ్లు. ఇతనికి 20 ఏళ్ల దాకా పడే వీలున్న చోట 180 రోజుల జైలు, పదేళ్ల ప్రొబేషన్ పడ్డాయి. ఇక్కడా చట్టాలు వేరు, పోయిన ప్రాణాలు ఒకటీ మూడూ అన్న తేడా ఉంది. దానికి తోడు, బ్రౌన్ తల్లి బ్రెంట్‌ను క్షమించింది, అతని పక్కన నిలబడింది.

ఆ తల్లి క్షమ ఆమె సొత్తు. అది మహా గొప్పది. అభిమానులు దాన్ని అప్పు తెచ్చుకున్నారు. ‘వాళ్లమ్మే క్షమించాక మీకేంటి’ అన్నది బ్రెంట్ 2014లో మళ్లీ మైదానంలోకి వచ్చేనాటికి తిరుగులేని వాదమైంది. క్షమించే హక్కు ఉన్నవాళ్లు క్షమిస్తే అది క్షమ. వాళ్ల పేరు చెప్పి మిగతావాళ్లు చేతులు దులుపుకుంటే అది సౌకర్యం. మొదటి కేసులో చనిపోయిన మహిళ కుటుంబం క్షమించిందా అని అడగాలని ఎనిమిది మ్యాచ్‌ల లెక్క చెప్పేవాళ్లకు తోచదు.

కాలం మారిందనేవాళ్లు హెన్రీ రగ్స్ కేసు చూపిస్తారు. 2021 నవంబర్ 2న లాస్ వేగస్‌లో ఈ రైడర్స్ ఫుట్‌బాల్ ఆటగాడి కారు గంటకు 156 మైళ్ల వేగం అందుకుంది, అంటే సుమారు 250 కిలోమీటర్లు. అది గుద్దిన కారులోని 23 ఏళ్ల యువతి, ఆమె కుక్క చనిపోయారు. రైడర్స్ అదే రోజు అతన్ని తీసేసింది. 2023లో మూడు నుంచి పదేళ్ల జైలు పడింది. అంతకుముందు 2009లో ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాడు డాంటే స్టాల్‌వర్త్ మయామి బీచ్‌లో తాగి నడిపి పాదచారిని చంపితే జైలు 30 రోజులే, కానీ లీగ్ ఏకంగా ఒక సీజన్ మొత్తం ఆపింది. ఎనిమిది మ్యాచ్‌లు, ఒక సీజన్, అదే రోజు తొలగింపు. క్లబ్బులూ లీగూ గట్టిపడ్డాయన్నది నిజం. అభిమాని మారాడనడానికి ఇది రుజువు కాదు. చొక్కా విప్పించాక వెనకేసుకు రావడానికి అతనిలో ‘మనవాడు’ మిగల్లేదు, అంతే.

అభిమాని ఇంత మెత్తబడటానికి అసలు కారణం ప్రతిభ మీద మోజు ఒక్కటే కాదనుకుంటాను. 1999లో న్యూజెర్సీలో జయంట్స్ ఫుట్‌బాల్ మ్యాచ్ చూసి, స్టేడియంలో బీర్లు తాగి ఇంటికి బయల్దేరిన ఒక అభిమాని గుద్దిన కారులో రెండేళ్ల పాప మెడ కింద నుంచి చచ్చుబడిపోయింది. 2005లో జ్యూరీ బీరు అమ్మిన కంపెనీతో సహా బాధ్యులు 13.5 కోట్ల డాలర్లు కట్టాలంది. పై కోర్టు దాన్ని కొట్టేసింది, చివరికి 2.5 కోట్ల డాలర్ల దగ్గర రాజీ కుదిరింది. ఆ కేసులో చొక్కా తొడుక్కున్నవాడు మైదానంలో లేడు, గ్యాలరీలో ఉన్నాడు. పార్కింగ్ స్థలంలో మధ్యాహ్నం నుంచే బీరు డబ్బాలు తెరిచి, ఆట అయ్యాక అదే కారు తీసుకుని ఇంటికిపోయే అలవాటున్న చోట, ఆటగాడి ‘ఒక్క పొరపాటు’ను క్షమించడమంటే తన ప్రతి ఆదివారాన్ని క్షమించుకోవడమే.

అందుకే ఈ విషయంలో అభిమానిని అడగాల్సింది ఆటగాణ్ని జీవితాంతం వెలివేయమని కాదు. శిక్ష అనుభవించినవాడికి బతుకుతెరువు ఉండాలి, అది ఆటైనా సరే. అడగాల్సింది కథ ఎక్కడ మొదలుపెడుతున్నావని. చనిపోయినవాళ్లు ఎవరు, ఎక్కడికి వెళ్తున్నారు, వాళ్ల వెనక ఎవరు మిగిలారు అన్న దగ్గర మొదలుపెట్టి ఆ తర్వాత మ్యాచ్‌ల లెక్కకు రావాలి. ఆ వరసలో చెప్పాక కూడా ‘ఎనిమిది మ్యాచ్‌లు చాలు’ అనగలిగితే అనవచ్చు. ఫుల్లర్టన్ కుర్రాడి గురించి కూడా ఆ మాట అనగలడా అని ఒక్కసారి చూసుకుని మరీ అనాలి. అనలేకపోతే, అతను అప్పటిదాకా న్యాయం గురించి మాట్లాడలేదు, జట్టు గురించే మాట్లాడాడు.