గాటు పెడితే కారని రబ్బరు

కేరళ రబ్బరు తోటలో పని తెల్లవారకముందే మొదలవుతుంది. బెరడుకు ఏటవాలుగా సన్నటి గాటు పెడితే పాలు చిప్పలోకి కారతాయి. చెట్టుకేమీ కాదు, రెండు రోజులాగి మళ్లీ ఇస్తుంది. ఉత్తర మెక్సికోలోనూ టెక్సస్ అంచునా పరుచుకున్న చివావా ఎడారిలో గ్వాయులే అనే పొద ఉంది. దానిలోనూ అదే రబ్బరు, అదే అణువు. అయినా ఎన్ని గాట్లు పెట్టినా చుక్క రాలదు. రబ్బరు చెట్టులో పాలు నాళాల గుండా పారతాయి. గ్వాయులేలో మాత్రం అవి ఏ కణానికా కణంలో, ఎక్కువగా కొమ్మల బెరడులో, ఇరుక్కుని ఉంటాయి. కణం పగిలితే తప్ప రబ్బరు బయటపడదు. పగలగొట్టడం కష్టం కాదు. పగిలాక దానితో పాటు బయటికొచ్చే నానా సరుకులోంచి రబ్బరును వేరుచేయడంలోనే ఉంది పనితనమంతా.

మన పొలం గట్ల మీద మొలిచే వయ్యారిభామకు ఇది దగ్గరి చుట్టం. రెండూ పార్థీనియంలే. ఆ కలుపు పీకీ పీకీ చేతులు దురదలెక్కిన రైతుకు ఈ చుట్టరికం అంత రుచించకపోవచ్చు. గ్వాయులే ఆకులు వెండి పూత పూసినట్టుంటాయి. చలి రాత్రులు వచ్చాక కొమ్మల్లో రబ్బరు చేరడం జోరందుకుంటుంది. నాటిన రెండేళ్లకు కోస్తే మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది, అంటే కార్శి పంటా ఉంటుంది. ఎండు కట్టె బరువులో రబ్బరు నూటికి అయిదు నుంచి పది పాళ్లు. ఇంచుమించు అంతే రెసిన్ అనే జిగట పదార్థం. కథంతా ఈ రెసిన్‌తోనే.

మొదట మెక్సికోలో దొరికిన దారి గులకరాళ్ల మర. తరిగిన కొమ్మల్ని నీళ్లతో, చెకుముకి గుళ్లతో కలిపి పెద్ద పీపాలో దొర్లిస్తారు. కణాలు చితికి, రబ్బరు రేణువులు ఒకదానికొకటి అతుక్కుంటూ పురుగుల్లాంటి పోగులవుతాయి. రబ్బరు నీటిపై తేలుతుంది. చిక్కేమిటంటే బెరడు తునకలూ తేలతాయి. అందుకని మొత్తాన్నీ ఒత్తిడి పెట్టి నీళ్లు పట్టిస్తారు. బెరడు నీళ్లు తాగి మునుగుతుంది, రబ్బరు తాగదు కనుక పైనే ఉంటుంది. ఇంత సులువైన ఉపాయంతోనే 1910 ప్రాంతంలో అమెరికా వాడిన రబ్బరులో దాదాపు సగం గ్వాయులే నుంచి వచ్చింది. తర్వాత మెక్సికో విప్లవం ఆ పరిశ్రమను కూల్చింది.

మర రబ్బరును వేరుచేసింది గానీ రెసిన్‌ను వదిలించలేకపోయింది. రెసిన్ మిగిలిన రబ్బరు జిగటగా ఉంటుంది, త్వరగా చెడుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆసియా తోటలు జపాన్ చేతికి చిక్కాక, అమెరికా 1942లో అత్యవసర రబ్బరు పథకం పెట్టి సుమారు 32,000 ఎకరాల్లో గ్వాయులే వేసింది. ఆ రోజుల్లోనే కాలిఫోర్నియాలోని మాంజనార్ శిబిరంలో, జపాన్ సంతతి వాళ్లన్న ఒక్క కారణంతో నిర్బంధించిన జనంలోని శాస్త్రజ్ఞులూ తోటమాలులూ, కాల్‌టెక్ వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ ఎమర్సన్ అండతో ఈ మొక్క మీద పనిచేశారు. కొమ్మ ముక్కల నుంచే మొక్కలు వేళ్లూనేలా చేశారు, రబ్బరూ తీశారు. తమను బంధించిన దేశానికి టైర్ల కోసం! యుద్ధం ముగియగానే, కృత్రిమ రబ్బరు చేతికొచ్చిందని, తోటల్ని దున్నేసి తగలబెట్టారు.

నాకు అన్నిటికన్నా ముచ్చటేసేది తర్వాత వచ్చిన ద్రావణుల పద్ధతి. అసిటోన్ రెసిన్‌ను కరిగిస్తుంది, రబ్బరును ముట్టదు. హెక్సేన్ రబ్బరును కరిగిస్తుంది. మన తవుడు నూనె మిల్లుల్లో వాడే హెక్సేనే. ఒకదాని తర్వాత ఒకటిగా కడగొచ్చు. కానీ నేర్పంతా రెంటినీ కలిపి వాడటంలో ఉంది. హెక్సేన్ ఎక్కువ, అసిటోన్ తక్కువగా కలిపి ఆ మిశ్రమంలో కొమ్మల పొడిని నానబెడితే రబ్బరూ రెసినూ రెండూ దిగుతాయి. పిప్పిని వడకట్టాక, మిగిలిన ద్రవంలో అసిటోన్ కొంచెం కొంచెంగా పెంచుతారు. ఒక దశలో రబ్బరుకు ఆ ద్రవం ఇక సరిపడదు. ఉబ్బిన ముద్దగా విడిపోయి కిందికి దిగుతుంది, రెసిన్ పైనే ఉండిపోతుంది. ముందు దిగేది పొడవైన అణు గొలుసుల గట్టి రబ్బరు. పొట్టి గొలుసులది, నాసిరకం, రెసిన్‌తో ఉండిపోతుంది. అసిటోన్ మరీ ఎక్కువైతే నాసిరకమూ దిగిపోతుంది, తగ్గితే మంచి సరుకు చేజారుతుంది. ఎక్కడ ఆపాలో తెలియడమే విద్య. వాడిన ద్రావణుల్ని మరిగించి ఆవిరి పట్టి మళ్లీ వాడుకుంటారు. ఈ రబ్బరుకు సొంత రక్షణ తక్కువ. గాలికీ వేడికీ గొలుసులు తెగకుండా యాంటీ ఆక్సిడెంట్ కలపాలి.

రబ్బరు కాకుండా పాలే కావాలంటే దారి వేరు. కోసిన కొమ్మ ఆరనే కూడదు, ఆరితే పాలు కణంలోనే గడ్డకడతాయి. పచ్చిగానే క్షార ద్రవంలో రుబ్బి, వడకట్టి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే తేలికైన రబ్బరు రేణువులు పైకి చేరతాయి. అమెరికా వ్యవసాయ శాఖలో కత్రీనా కోర్నిష్ బృందం అభివృద్ధి చేసిన పద్ధతి ఇది. మామూలు రబ్బరు పాలలో ఎలర్జీ తెచ్చే ప్రొటీన్లు ఇందులో లేవు. అందుకే దీనితో చేసిన వైద్యుల చేతి తొడుగులకు 2008లో అమెరికా అనుమతి దొరికింది.

ఇక టైర్ల సంగతి. బ్రిడ్జ్‌స్టోన్ 2014లో అరిజోనాలోని మీసాలో గ్వాయులే రబ్బరు పరిశోధన కేంద్రం తెరిచి, మరుసటి ఏడే ఆ రబ్బరుతో టైర్లు చూపించింది. 2022లో ఇండీకార్ అనే కారు పందేల టైర్ల పక్కగోడల్లోనూ వాడింది. పనితనం రుజువైంది, ధర మాత్రం ఇంకా తోట రబ్బరుకు సాటి రాలేదు.

ఇక్కడే, ఇన్నాళ్లూ వదిలించుకోవాలని చూసిన రెసిన్ వైపు చూపు తిరగాలి. అది పట్టించిన కలపను చెదలు ముట్టవు. జిగురు పదార్థాల తయారీకీ పనికొస్తుంది. అందులోని గ్వాయులిన్-ఎ చర్మానికి పడకపోవచ్చు కాబట్టి జాగ్రత్త అవసరమే, వయ్యారిభామ చుట్టం కదా! టైరు కోసం వేసిన ఈ పంటను నిలబెట్టాల్సింది రెసినే అని నా అభిప్రాయం. దానికి నికరంగా కొనేవాళ్లు దొరికేదాకా గ్వాయులే టైరు పందెపు కార్లకూ ప్రదర్శనలకూ మాత్రమే పరిమితం.