డాబా మీది చూపు: ఛాయాచిత్రంలో అన్వయం

కూర్పు అనేది ఫోటోకు తొడిగే నగ అని కొందరూ, వస్తువు గొప్పదైతే కూర్పుతో పనేమిటని మరికొందరూ అంటూవుంటారు. కవిత్వం విషయంలో మనలో యెంతోకాలంగా నలుగుతున్న రూప-వస్తు వివాదమే యిది. యీ రెండు వాదాలూ అరకొరవేనని నాకు మంచిర్యాలలో, మేముండే యింటి డాబా మీద తెలిసివచ్చింది.

మొన్న వేసవిలో మా విద్యార్థులు యిద్దరు ఫోటోలు తీస్తామంటే పైకి తీసుకుపోయాను. మా వూరి డాబాలు చాలావరకు అసంపూర్ణ కావ్యాలు. రేపటి అంతస్తుకోసం స్తంభాలమీద వదిలిన యినపచువ్వలు, నల్లని నీళ్లటాంకులు, తీగలు, యెండబోసిన మిరపకాయలు. దూరాన బల్హార్షా వైపు సాగే రైలుపట్టాలు. గీతలకు కొదవ లేదు. ఆనాడు పక్కింటికి స్లాబు వేస్తున్నారు. నేలనుంచి సెంట్రింగు పైదాకా ఆడకూలీలు వరసగా నిలబడి మాలు తట్టలు అందిస్తున్నారు.

మొదటి అబ్బాయి పిట్టగోడమీద వంగి, నిలువునా కిందికి చూసి తీశాడు. చట్రాన్ని అడ్డంగా మూడు, నిలువుగా మూడు భాగాలు చేసి, గీతలు కలిసేచోట ముఖ్యమైనదాన్ని నిలపాలనే సూత్రం అతనికి కంఠస్థం. బొమ్మలో తట్టలు గుండ్రంగా, ఒకదాని వెనక ఒకటి, మూలనుంచి మూలకు పూసల దండలా సాగాయి. నేను మెచ్చుకున్నాను, కాలేజీ గోడకు పెడదామన్నాను. మధ్యాహ్నం అన్నానికి దిగిన కూలీ ఒకామె ఆ బొమ్మ చూసి, "గిండ్ల నేనేడున్న సారూ?" అని అడిగింది. నాదగ్గర జవాబు లేదు. తట్టలున్నాయి, తట్ట మోసే మనిషి లేదు.

రెండో అబ్బాయికి రోషం వచ్చింది. ఆమెను గోడపక్కన నిలబెట్టి, నవ్వమని, సరిగ్గా నడిమధ్య తీశాడు. ముఖం వచ్చింది. కాని బరువు రాలేదు, యెత్తు రాలేదు, యెండ రాలేదు. యే పెళ్లిపందిట్లోనైనా ఆమె అట్లాగే నిలబడివుండవచ్చు.

పద్యం చెప్పేటప్పుడు మనం మొదట అడిగేదేమిటి? కర్త యెవరు, క్రియ యేది, యీ రెంటికీ అన్వయమెట్లా అని. మొదటి బొమ్మలో క్రియ వున్నది, కర్త లేడు. రెండోదానిలో కర్త వున్నది, క్రియ లేదు. కూర్పు అంటే నా దృష్టిలో యీ అన్వయమే.

యిది మా డాబాకు మాత్రమే పట్టిన దోషం కాదు. 1838లో దగేర్ పారిస్‌లో ఒక మేడ కిటికీనుంచి కిందివీధిని తీశాడు. బొమ్మ పడటానికి కొన్ని నిమిషాలు పట్టడంవల్ల, కదిలే బండ్లూ జనమూ ఫలకంమీద నిలవలేదు. బూట్లు తుడిపించుకుంటూ కదలక నిలబడ్డ ఒకాయన మిగిలాడు. తుడిచేవాడు మసకగా మిగిలాడు. పనే పనివాణ్ణి చెరిపివేసింది. ఆనాడు అది యంత్రం అశక్తత. క్షణంలో వెయ్యోవంతును పట్టే కెమెరా చేతిలో వుండి మనమూ ఆ పనే చేస్తే, దాన్ని యేమనాలి?

ప్రగతివాదులమైన మనం మన యింటిలోకి కూడా చూసుకోవాలి. మేడలను కిందనుంచీ, వీధులను పైనుంచీ తీసిన రోద్చెంకోను 1928లో 'సోవియట్ ఫోటో' పత్రిక పాశ్చాత్యులను అనుకరిస్తున్నాడని దుయ్యబట్టింది. బొడ్డుయెత్తున కెమెరా పెట్టి చూసే పాతచూపును వదలమని అతను వాదించాడు. ఆ వాదంలో న్యాయమున్నది. కాని 1933లో శ్వేతసముద్రం-బాల్టిక్ కాలువను అతను తీసినప్పుడు, దాన్ని తవ్వింది ఖైదీలు. వాళ్లచేత బలవంతాన చేయించిన చాకిరీ ఆ బొమ్మల్లో నిర్మాణోత్సాహంగా కనబడింది. నిలదీయవలసిన చోటు అది. కోణం తప్పా ఒప్పా అని తగవులాడినంతకాలం ఆ ప్రశ్న మనకు తట్టదు.

సాయంత్రం మొదటి అబ్బాయి బయటి మెట్లమీద నాలుగు మెట్లు దిగాడు. కెమెరా కూలీల భుజాలయెత్తుకు వచ్చింది. చాలాసేపు ఆగి తీశాడు: తట్ట రెండుజతల చేతుల నడుమ వున్నది; కిందామె ముఖం పైకి, పైనామె ముఖం కిందికి; అంచున యినపచువ్వలు, అడుగున నేల. తట్ట నిలిచింది ఆ మూడోవంతు గీతలు కలిసేచోటే. సూత్రం అదే, కాని యిప్పుడు దానికి పని దొరికింది. 11వ శతాబ్దిలో క్షేమేంద్రుడు కావ్యానికి ప్రాణమని చెప్పిన ఔచిత్యం యిట్లాంటిదే. విడిగా యే అలంకారమూ మంచిదీ కాదు, చెడ్డదీ కాదు.

మొదటి బొమ్మనూ, యీ బొమ్మనూ కాలేజీ గోడకు పక్కపక్కనే పెట్టాం. పిల్లలు యిప్పటికీ మొదటిదాని ముందే యెక్కువసేపు నిలబడుతున్నారు. అది వాళ్ల తప్పు కాదు. అందాన్ని అట్లా చూడటం నేర్పినవాళ్లలో నేనూ వున్నాను.