భరణం: ఎవరు ఎవరిని భరించినట్టు?

మహానంది కోనేటి గట్టున ఒక అరటితోట కూలీతో మాట్లాడుతున్నాను. భర్త వదిలేసి ఆరేళ్లయింది. కోర్టులో భరణం కేసు నడుస్తోంది. "పదేండ్లు ఆయప్పను నేను భరించినా. ఇప్పుడు ఆయప్ప నాకు భరణం ఇయ్యల్లంట. మాట తిరగబడిండాది సూడక్కా" అని నవ్వింది. సాహిత్యంలో డాక్టరేట్ చేసిన నాకు అంతవరకు తట్టని విషయం అది.

సంస్కృతంలో 'భృ' ధాతువుకు మోయడం, పోషించడం అని అర్థాలు. భరణం, భారం, భర్త, భార్య అన్నీ అందులోంచి పుట్టినవే. భర్త భరించేవాడు, భార్య భరింపబడవలసినది. ఒకే క్రియకు అతను కర్త, ఆమె కర్మ. తెలుగులోకొచ్చాక 'భరించు'కి ఓర్చుకోవడమనే అర్థం స్థిరపడింది. కాన్పు నొప్పులు, అత్తింటి ఆరళ్లు, తాగొచ్చినవాడి తిట్లు భరించేది ఎవరు? తెలుగింట్లో ఈ క్రియకు కర్త ఆమే.

చట్టం మాత్రం పాత వ్యాకరణాన్నే పట్టుకుంది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ అయినా, 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ అయినా 'తనను తాను పోషించుకోలేని భార్య' గురించే మాట్లాడతాయి. ఆమె ఇంట్లో, చేలో చేసిన చాకిరీ ఆ వాక్యంలో లేదు. నెలకు 500 రూపాయలు మించకూడదన్న పరిమితి తొలగడానికే 2001 దాకా పట్టింది.

తీర్పులు ఈ వ్యాకరణాన్ని కొంత కదిలించాయి. తల్లిదండ్రుల్ని పోషించే బాధ్యత పెళ్లయిన కూతురికీ ఉందని 1987లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ధాత్వర్థంలో ఆమె కూడా 'భర్తే'! కొంత సంపాదన ఉన్నంతమాత్రాన భార్య హక్కు పోదని, దరఖాస్తు పెట్టిన రోజునుంచే భరణం లెక్కించాలని 2020లో రజనీష్-నేహా కేసులో చెప్పింది. 125వ సెక్షన్ ముస్లిం స్త్రీలకూ వర్తిస్తుందని 2024 జూలైలో, తెలంగాణ నుంచి వెళ్లిన కేసులో స్పష్టం చేసింది.

మన పత్రికల్లో, వకీళ్ల నోట వినిపించే మరో మాట మనోవర్తి. మనువర్తి అనే రూపమూ ఉంది. 'మను' అంటే తెలుగులో బతకడం. మనుగడ, మనికి అలా వచ్చినవే. అందుకే ఈ మాటలో నాకు మోసేవాడు కాదు, బతికే మనిషి కనిపిస్తుంది. ఆమె బతుకే వాక్యానికి కేంద్రమవుతుంది. భరణం కన్నా ఇదే మేలనిపించి ఆమెకూ చెప్పాను.

ఆమె కాసేపు ఆలోచించి, "ఏ పేరయితేనేమక్కా, నెలనెలా చేతికి రావల్ల గదా" అంది.

మాటల చరిత్ర తవ్వే మనం ఆ చేతిని మరిచిపోకూడదు.